గ్లైడరునకు రేడియో ఎంత దూరము వినబడును?

సంక్రాంతి దినములలో సికిందరాబాదు మేడల మీదినుండి గాలిపటములు ఆకసమున కెగయుట మన కందరకు పరిచితమైన దృశ్యమే. గాలిపటము నెగురవేయువాని చేతిలో దారము గలదు. అది బిగిసినదో, సడలినదో, తెగినదో వాని వ్రేళ్ళకు తత్‌క్షణమే తెలియును. అదే ఆకసమున ఏ చప్పుడును లేక గద్దవలె తిరుగు నమూనా గ్లైడరునకును ఒక దారము గలదు. అయితే అది కంటికి కనబడదు, వ్రేళ్ళకు తగులదు. అది రేడియో తరంగము. ఈ దారము పొడవెంత? అది ఎచట తెగును? తెగకముందే ఆ సంగతి తెలిసికొనుట ఎట్లు? ఆటవస్తువును గూర్చిన ప్రశ్నలే కదా యని వీనిని తేలికగ చూడరాదు. రెండు కిలోల బరువుతో గంటకు యాబది కిలోమీటర్ల వేగమున పోవు వస్తువు అదుపు తప్పినచో ఎవరి నెత్తిన పడునో చెప్పజాలము.

గ్లైడరనగా ఇంజనును నమ్ముకొనక గాలిని నమ్ముకొని ఎగురు విమానము. నమూనా గ్లైడరు దాని చిన్న రూపు. రెక్కల నిడివి సామాన్యముగ ఒకటిన్నర మీటరు మొదలు నాలుగు మీటర్ల వరకు ఉండును. దీనిని చేతితో విసరియో, సాగెడు రబ్బరు త్రాటితో లాగి విడిచియో, చిన్న విద్యున్మోటారు సాయముననో పైకి పంపుదురు. ఎండకు కాగిన నేలనుండి వేడిగాలి పైకి లేచుచుండును. గద్దలు రెక్క ఆడింపక చుట్లు తిరుగుచు పైకి పోవునది ఆ గాలి ఊతముతోనే. గ్లైడరు కూడ అట్టి గాలి దొరికినంతసేపు దిగిరాదు. కాని పైకి లేచు గాలి ఒకచోట నిలువదు. వీచు గాలితో కొట్టుకొని పోవుచుండును. దాని వెంట గ్లైడరును పోవును. ఆ విధముగ అది తెలియకుండనే యజమానికి దూరమగును. అందుచేత ఇంజను విమానము నాడించువారి కంటె గ్లైడరు నాడించువారికి రేడియో అందుబాటును గూర్చిన చింత ఎక్కువ.

దీని యంత్రాంగము సులభముగనే తెలిసికొనవచ్చును. ఆడించువాని చేతిలోనిది ప్రేషకము, అనగా ట్రాన్స్‌మిటరు. గ్లైడరు కడుపులోనిది గ్రాహకము, అనగా రిసీవరు. చేతిలోని పుల్లను కొంచెము ప్రక్కకు నెట్టినచో ఆ నెట్టిన మేర ఒక సంకేతముగ మారి తరంగముపై నెక్కి పోవును. గ్రాహకము దానిని విప్పి, సర్వో యను చిన్న మోటారునకు విద్యుత్ స్పందము నందించును. ఆ స్పందము 1.5 మిల్లీసెకనుల పొడవున్నచో చుక్కాని నడుమ నిలుచును. 1 మిల్లీసెకనునకు తగ్గినచో ఒక ప్రక్కకును, 2 మిల్లీసెకనులకు పెరిగినచో రెండవ ప్రక్కకును తిరుగును. ఇట్టి ఆజ్ఞలు సెకనుకు యాబది మార్లు గాని, అంతకు మించి గాని పోవుచుండును. కావున నడుమ ఒకటి రెండు జారిపోయినను గ్లైడరునకు తెలియదు. వరుసగ పెక్కు జారిపోయినప్పుడే ఆపద.

తీగ లేకుండ దూరమున నున్న వస్తువుచేత పని చేయించుట క్రొత్త విద్య కాదు. 1895వ సంవత్సరమున కలకత్తాలో జగదీశచంద్ర వసు మిల్లీమీటరు తరంగములను గోడల గుండ పంపి, ఆవలి గదిలో గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను రేడియోతో నడపెను. 1937లో అమెరికాలో వాల్టరు గుడ్, విలియం గుడ్ అను సోదరులు 'గఫ్' అను నమూనా విమానమును రేడియోతో అదుపుచేసి ఎగురవేసిరి. నేటి ఆటగాండ్రందరును ఆ సోదరులకు వారసులే.

ఇక తరంగముల సంగతి. రేడియో సెట్టు గల ఇండ్లవారికి మీటర్ల లెక్క క్రొత్త కాదు. హైదరాబాదు కేంద్రమును 738 కిలోహెర్ట్జులపై విన్నవారు సుమారు 406 మీటర్ల పొడవు గల తరంగమును విన్నవారే. 102.8 మెగాహెర్ట్జులపై వివిధభారతిని వినువారు ఇంచుమించు 3 మీటర్ల తరంగమును వినుచున్నారు. నమూనా విమానములకు మొదట వాడిన తరంగములు ఈ రెంటి నడిమివి. 27 మెగాహెర్ట్జులపై తరంగము పొడవు 11 మీటర్లు. అమెరికాలో ప్రచారము పొందిన 72 మెగాహెర్ట్జులపై 4 మీటర్లకు కొంచెము ఎక్కువ. ఏరియలు తరంగములో నాలుగవ వంతు పొడవున్నచో బాగుగ పని చేయును. ఆ లెక్కన ఆనాటి విమానముల తోకవైపు మీటరు పొడవు తీగ వ్రేలాడుచుండెడిది. నేడు విరివిగ వాడునది 2400 మెగాహెర్ట్జుల ప్రాంతము. అచట తరంగము పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లే. కావున నేటి గ్రాహకపు ఏరియలులో నిజముగ పని చేయు భాగము 3 సెంటీమీటర్లు మాత్రమే, అనగా చిటికెనవ్రేలి కంటె చిన్నది.

ఈ మార్పునకు కారణము పొట్టి ఏరియలు ఒక్కటే కాదు. వెనుకటి పద్ధతిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క చానెలు. ఒకే చానెలుపై ఇద్దరు ఒకేసారి ప్రేషకములను తెరచినచో రెండాజ్ఞలును కలిసిపోయి విమానము కూలెడిది. మైదానమున ఎవరు ఏ చానెలుపై ఉన్నారో తెలియుటకు బల్లకు చీటీలు తగిలించుకొనువారు. నేటి యంత్రములు ఒక చానెలుపై నిలువక, క్షణములో ననేక భాగమైనను ఒకచోట నుండక, పెక్కు చానెళ్ళపై గంతులు వేయుచుండును. ఏ వరుసలో గంతు వేయవలెనో ఆ ప్రేషకమునకును, దానితో జత కట్టిన గ్రాహకమునకును మాత్రమే తెలియును. ఈ గంతుల పద్ధతికి 1942లో పేటెంటు పొందినవారిలో ఒకరు హెడీ లమార్ అను చలనచిత్ర నటి. రెండవవారు జార్జి ఆంథీల్ అను సంగీతకర్త. సముద్రములోని టార్పీడోను శత్రువు అడ్డగించకుండ నడుపుట వారి యుద్దేశము. పియానో మెట్ల వలెనే ఎనుబది ఎనిమిది చానెళ్ళపై గంతులు వేయు ఏర్పాటు వారు సూచించిరి. మన దేశమున 2400 మొదలు 2483.5 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీని, నిర్ణీత శక్తికి లోబడి, ఆమోదము పొందిన సాధనములతో వాడుటకు ప్రత్యేకమైన లైసెన్సు అవసరము లేకుండ 2005లో సడలించిరి.

ఇప్పుడు దూరము లెక్కకు వత్తము. దీపమునకు దూరముగ పోయిన కొలది వెలుతురు తగ్గును. రేడియో తరంగమును అంతే. దూరము రెట్టింపయినచో అందు శక్తి సగము కాదు, నాలుగవ వంతగును. దూరము పదిరెట్లయినచో నూరవ వంతగును. ప్రేషకపు శక్తి వాటులో పదవ వంతనుకొందము. సాదా ఏరియలులతో, ఏ అడ్డును లేని చోట, ఒక కిలోమీటరు దూరమున గ్రాహకమునకు చిక్కునది ఆ శక్తిలో వేయికోట్లవ వంతు. ఇది వినుటకు శూన్యమువలె తోచును. కాని మంచి గ్రాహకము అందులో నూరవ వంతునైనను పట్టి ఆజ్ఞను విప్పగలదు. అనగా లెక్క ప్రకారము పది కిలోమీటర్లు పోయినను దారము తెగరాదు.

లెక్క అట్లుండగా రెండు ఫర్లాంగుల దూరముననే గ్లైడరు మాట వినకపోవుట ఏల? యాప్రాల్‌కు అనతిదూరమున 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారు నిర్మించిన 32 మీటర్ల వ్యాసము గల ఏరియలు బెంగుళూరు చేరువను బ్యాలాలులో గలదు. 2008లో అది 3,84,000 కిలోమీటర్ల దూరమున చంద్రుని చుట్టు తిరుగు చంద్రయాన్-1 మాటలను విన్నది. అంత దూరము వినబడినది కొండచాటున వినబడకుండుటకు కారణము శక్తి చాలకపోవుట కాదు. చంద్రునికిని మనకును నడుమ అడ్డము లేదు. వినువాని చెవి మిక్కిలి పెద్దది. అది సరిగా చంద్రునివైపే తిరిగియున్నది. గ్లైడరు విషయమున ఈ మూడును అనుమానాస్పదములే. అందుచేత అందుబాటనగా పెట్టెపై అచ్చువేసిన అంకె కాదు. అడ్డు, ఏరియలు, రొద అను మూడింటితో గంటగంటకు మారు సంగతి అది.

మొదటిది అడ్డు. మధ్యతరంగములు నేలను అంటిపెట్టుకొని గుట్టలను దాటి పోగలవు. హ్రస్వతరంగములు ఆకాశమున విద్యున్మయమైన పొరలకు తగిలి వేల మైళ్ళకవతల దిగును. అందుచేతనే రాత్రివేళ విదేశ కేంద్రములు మన సెట్టులో పలుకును. కాని పండ్రెండు సెంటీమీటర్ల తరంగమునకు ఈ రెండు శక్తులును లేవు. అది ఇంచుమించు వెలుతురువలె తిన్నగ పోవును. యాప్రాల్‌నే తీసికొందము. సికిందరాబాదునకు ఈశాన్యమున, సైనిక్‌పురికిని బొల్లారమునకును నడుమ నున్న ఈ ప్రాంతము గట్టి గ్రానైటు నేల. బండలు, మిట్టలు సహజము. ఇప్పుడు వానికి తోడు పలు అంతస్తుల మేడలు లేచినవి. మిట్ట వెనుకకుగాని, ఇనుప చువ్వల కాంక్రీటు మేడ వెనుకకుగాని గ్లైడరు తొలగినచో తరంగము దానిని వెదకికొని పోలేదు. ఇంతేకాదు. మేడల గోడలకు తగిలి తిరిగివచ్చిన తరంగము తిన్నగ వచ్చిన తరంగముతో కలియునప్పుడు ఒకచోట రెండును బలపడును; మరియొకచోట ఒకదాని నొకటి చంపుకొనును. ఈ రెండు చోట్ల నడుమ దూరము కొలది సెంటీమీటర్లే కావచ్చును.

దీనిలో మరియొక మెలకువ గలదు. తరంగము తిన్నగ పోవునన్నంత మాత్రమున సన్నని గీతవలె పోవునని యనుకొనరాదు. దానికి కొంత ఎడము కావలెను. కిలోమీటరు దూరమున ఆ బాట నడిమి భాగమున సుమారు ఐదున్నర మీటర్ల వ్యాసార్ధము గల చోటు ఖాళీగ ఉండవలెను. ఆడించువాడు ప్రేషకమును రొమ్మెత్తున పట్టుకొనును. గ్లైడరు ఎత్తున నున్నంతసేపు బాటకు నేల తగులదు. అదే గ్లైడరు దూరమున దిగుచు గడ్డి మట్టమునకు వచ్చినచో బాటలో సగము నేల మ్రింగివేయును. ఆకసమున ఎనిమిది వందల మీటర్ల కవతల చక్కగ విన్న గ్లైడరు, నాలుగు వందల మీటర్ల దూరమున దిగునపుడు వినకపోవుటకు ఇది ఒక కారణము. కావున దిగవలసిన గ్లైడరును ముందుగనే దగ్గరకు రప్పించుట నేర్పరుల పద్ధతి.

రెండవది ఏరియలు. దీనికి ఇంటనే ఒక ప్రయోగము చేసి చూడవచ్చును. ట్రాన్సిస్టరు సెట్టులో మధ్యతరంగ కేంద్రము నొకదానిని పెట్టి, సెట్టును బల్లపై మెల్లగ చుట్టు త్రిప్పుడు. ఒక దిక్కున ధ్వని గట్టిగ నుండును. మరియొక దిక్కున కేంద్రము దాదాపు వినబడకుండ పోవును. లోపలి ఫెరైటు కడ్డీ మొన కేంద్రమువైపు తిరిగినప్పుడు ఇట్లగును. ప్రేషకపు ఏరియలునకును ఇట్టి గ్రుడ్డి దిక్కు గలదు. దాని ప్రక్కలనుండి తరంగము బాగుగ వెడలును, మొననుండి వెడలదు. తుపాకి గురిపెట్టినట్లు ఏరియలు మొనను గ్లైడరువైపు చూపుట క్రొత్తవారి స్వభావము. వారెరుగకయే గ్లైడరును గ్రుడ్డి దిక్కున నుంచుచున్నారు. ఏరియలును వంచి, దాని ప్రక్క గ్లైడరువైపు ఉండునట్లు పట్టుకొనవలెను. గ్లైడరు అన్ని వైపులకు వాలుచు, తిరుగుచు నుండును గనుక దానిలోని ఏరియలులు రెండుండి, ఒకదానికొకటి లంబముగ అమర్చియున్నచో మేలు. ఒకటి గ్రుడ్డిదైనప్పుడు రెండవది చూచును.

గ్లైడరు ఒడలు దేనితో చేసినదో కూడ గమనింపవలెను. బాల్సా కొయ్య, థర్మోకోలు, గాజునార తరంగమును అడ్డగింపవు. పోటీ గ్లైడరులకు వాడు కార్బన్ నార అట్టిది కాదు, అది విద్యుద్వాహకము. దానితో చేసిన ఒడలిలో గ్రాహకము నుంచుట ఇనుప పెట్టెలో సెట్టును మూసి కేంద్రము వినవలెననుట వంటిది. అట్టివానికి ఏరియలును బయటకు తీయవలెను. మనుష్యుని దేహములోని నీరు కూడ ఈ తరంగమును పీల్చును. గ్లైడరునకు వీపు త్రిప్పి నిలుచుట తగదు.

మూడవది రొద. మిక్సీ తిరుగగానే సెట్టులో గరగర మొదలగుట గృహిణులకు తెలిసినదే. కేంద్రము బలహీనమైనది కాలేదు, రొద పెరిగినది. వినబడుటకు కావలసినది ధ్వని యొక్క బలము కాదు, రొదకంటె దాని మిగులు. నేడు ఇంటింట నున్న వైఫై పెట్టెలలో పెక్కు ఈ 2400 మెగాహెర్ట్జుల పట్టీలోనే మాట్లాడును. నేలపై నున్న మనకు వీధిలోని కొలది ఇండ్ల రొదయే సోకును. నూరు మీటర్ల ఎత్తున నున్న గ్లైడరునకు చుట్టునున్న కాలనీలన్నియు కనబడును. ఆ ఇండ్లన్నిటి రొదయు సోకును. పల్లె పొలములో కిలోమీటరు వినిన గ్రాహకమే నగరముపై అంత దూరము వినలేకపోవుట ఇందుచేతనే.

ఈ మూడింటితో పాటు దొంగ కారణ మొకటి గలదు. అది బ్యాటరీ. సర్వోలన్నియు ఒక్కసారి బలముగ తిరిగినప్పుడు విద్యుత్తు ఎక్కువగ ఖర్చగును. బ్యాటరీ ముసలిదైనను, తీగల అతుకులు వదులైనను, వోల్టేజి క్షణకాలము పడిపోయి గ్రాహకము మూర్ఛపోవును. తిరిగి తెలివి తెచ్చుకొనులోపల గ్లైడరు నేలపై నుండును. చూచినవారు తరంగము అందలేదందురు. తరంగము అందుచునే యున్నది, వినువాడు లేడు.

వెనుకటి పద్ధతికిని నేటి పద్ధతికిని గల ముఖ్యమైన భేద మొకటి ఇచట చెప్పవలెను. వెనుకటి గ్రాహకము అందుబాటు చివరకు వచ్చునపుడు సర్వోలు వణకెడివి. గ్లైడరు తల ఆడించెడిది. దూరపు కేంద్రము గరగరలో మెల్లగ మునిగిపోవునట్లు అది ముందుగ హెచ్చరించెడిది. నేటి అంకెల పద్ధతిలో ఆ వణకు లేదు. సంకేతము చదువదగినంత మేర పూర్తిగ చదువును. చదువరానిచో పూర్తిగ మానును. చివరి క్షణము వరకు అంతయు చక్కగ నున్నట్లే తోచును. గ్రాహకమునకు చిక్కు బలమును నేలకు తిరిగి తెలియజేయు యంత్రములు వచ్చినవి. అవి గలవారు ఆ హెచ్చరిక శబ్దమును చెవిని పెట్టవలెను. లేనివారికి దిక్కు ముందుగ చేయు పరీక్షయే.

ఆ పరీక్ష ఇట్టిది. చాల ప్రేషకములలో శక్తిని తగ్గించు మీట యుండును. ఉదాహరణకు శక్తిని వేయవ వంతునకు తగ్గించినచో అందుబాటు సుమారు ముప్పది రెండవ వంతునకు తగ్గును. ఆ స్థితిలో ముప్పది మీటర్ల దూరమున గ్లైడరు తప్పక విన్నచో, పూర్ణశక్తితో తొమ్మిది వందల మీటర్లకు పైగ వినునని అంచనా. తగ్గింపు ఎంతయో, ఎంత దూరము నడువవలెనో ఆ యంత్రపు వివరణ పుస్తకములో చూడవలెను. ఒకరు గ్లైడరును పట్టుకొని అన్ని వైపులకు త్రిప్పుచుండగ, మరియొకరు పుల్లలను కదపుచు సర్వోలు ఎచటనైన ఆగునేమో గమనింపవలెను. మోటారున్నచో దానిని తిప్పుచు కూడ చూడవలెను. ఈ పని ఒకనాడు చేసి ఊరకుండరాదు; మైదానమునకు పోయిన ప్రతిదినము చేయవలెను. చోటు మారినను, ఏరియలు కదలినను, బ్యాటరీ మార్చినను నిన్నటి ఫలితము నేటికి చెల్లదు.

ఇంత చేసినను దారము తెగినచో? దానికి కూడ గ్రాహకములో ఏర్పాటు గలదు. సంకేతము ఆగిపోయినచో ప్రతి సర్వోయు ఏ స్థితిలో నిలువవలెనో ముందుగనే చెప్పి ఉంచవచ్చును. మోటారు ఆగవలెను, చుక్కాని కొంచెము వాలి, గాలిని ఆపు రెక్కపలకలు పైకి లేవవలెను. అప్పుడు గ్లైడరు వేడిగాలి వెంట ఊరు దాటిపోక, ఉన్నచోటనే చుట్లు తిరుగుచు దిగును. ఈ ఏర్పాటు చేయక వదలినచో కొన్ని గ్రాహకములు చివరి ఆజ్ఞనే పట్టుకొని యుండును. గ్లైడరు తిన్నగ కంటికి దూరమగును. ఏర్పాటు సరిగ నున్నదో లేదో తెలియుటకు గ్లైడరును నేలపై నుంచి ప్రేషకమును ఆర్పి చూచిన చాలును.

చివరకు గుర్తుంచుకొనవలసినది రేడియోకంటె ముందుగ మన కన్ను ఓడిపోవుననుట. రెండు మీటర్ల రెక్కలు గల గ్లైడరు అర కిలోమీటరు దూరమున చంద్రబింబపు వెడల్పులో సగము కూడ ఉండదు. ఉన్నదని తెలియును గాని, వచ్చుచున్నదో పోవుచున్నదో తెలియదు. 2021 ఆగస్టులో భారత ప్రభుత్వము ప్రకటించిన డ్రోను నియమములు కూడ నమూనా విమానమును కంటికి కనబడు మేరలోనే నడుపవలెనని నిర్వచించినవి. ఆ నియమములు ఆకసమును ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగ విభజించినవి. ఆకుపచ్చ మండలమునందైనను పై హద్దు 120 మీటర్లు. యాప్రాల్‌కు ఉత్తరమున కొలది కిలోమీటర్ల దూరముననే హకీంపేట వైమానిక స్థావరమున్నది. చుట్టును సైనిక భూములు గలవు. అచట శిక్షణలో నున్న యువకులు నడుపు విమానముల బాటలో ఆటవిమానము అడ్డుపడుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతమువారు ముందుగ ప్రభుత్వపు మండల పటమును చూచి, అనుమతి గల చోటికి, ఇండ్లును రహదారులును లేని మైదానమునకు పోయి ఎగురవేయుట ఉచితము.

నూరు వాట్ల ప్రేషకము దొరికినను మిట్ట చాటున నున్న గ్లైడరు వినదు. పదవ వంతు వాటుతోనే, ఏరియలు సరిగ పట్టి, అడ్డులేని చోట నిలిచి, ప్రతిదినము పరీక్షించువాని గ్లైడరు కంటి మేర యంతయు వినును. పిల్లలకు ఈ ఆటవస్తువును కొనిపెట్టు తలిదండ్రులు, పెట్టెపై అచ్చువేసిన దూరమును చదువుటతో ఆగక, మొదటి దినముననే వారిచేత ముప్పది మీటర్ల పరీక్షను చేయింపవలెను. దానివలన వారికి రేడియో విద్యయు అబ్బును. దారిన పోవువారికి క్షేమమును కలుగును.